చుక్క లేని ఇరవై అయిదు

పోయిన వారం శ్రీలలితను కార్ఖానా వెనక సందులో, తను పనిచేసే కంపెనీ మెట్ల మీద, ఏడుపూ నవ్వూ కలిసిపోయిన ముఖంతో వదిలిపెట్టాం. ఆ ఏడుపు ఎందుకో, ఆ నవ్వు ఎందుకో మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు తెలుసు. ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం.

నేరేడ్‌మెట్‌లోని ఒక నర్సింగ్‌హోమ్‌లో తుంటి ఆపరేషన్ చేయించుకున్న నాంచారమ్మ మర్నాడు పొద్దున చనిపోయింది. ఆపరేషన్ వల్ల కాదు. నొప్పి తెలియకుండా ఇచ్చే మందు ఆమె ఒంట్లోకి పదింతలు వెళ్లింది. ఆ మందును నరంలోకి నెమ్మదిగా నెట్టేది సిరంజి పంపు అనే చిన్న యంత్రం. సిరంజిని అందులో పడుకోబెట్టి, గంటకు ఎంత వెళ్లాలో తెర మీద కొడితే చాలు, మిగతా పని అదే చేస్తుంది. ఆ అంకె కొట్టిన నర్సు పేరు నిఖత్. మౌలాలి గుట్ట కింద తల్లితో ఉంటుంది. పేపర్లో ఆమె పేరు వచ్చింది, ఉద్యోగం ఆగిపోయింది, పోలీసులు కేసు పెట్టారు.

ఆ పంపులో ఉండే ప్రోగ్రాం రాసింది శ్రీలలిత. తప్పు నిఖత్ వేలిలో కాదు, తన ప్రోగ్రాంలో ఉందని ఆమెకు పోయిన వారం భాగంలోనే తెలిసింది. తెలిసిన వెంటనే కంపెనీ యజమాని రామ్మోహనరావు గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన అరుస్తాడనుకుంది. ఆయన అరవలేదు. "సరిచెయ్యమ్మా, రేపే అన్ని పంపులకూ వేయిద్దాం. విచారణలో నువ్వే వచ్చి చెప్పు" అన్నాడు. అందుకే ఆ నవ్వు. ఇంత మంచి మనిషిని ఇన్నాళ్లూ అనుమానించానే అని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది కూడా.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఒక సామెత ఉంది. ఈ వారం కథ అంతా అదే.

అసలు తప్పేమిటో ముందు చెప్పుకుందాం. అది అర్థం కానంత పెద్ద విషయమైతే శ్రీలలిత మనసుకు కాస్త ఊరట ఉండేది. ఎంత చిన్నదంటే చిన్నపిల్లలకు కూడా చెప్పొచ్చు.

పాత ప్రోగ్రాంలో తెర మీద అంకెలు మాత్రమే ఉండేవి, చుక్క ఉండేది కాదు. డాక్టరు గంటకు రెండున్నర మిల్లీలీటర్లు అంటే నర్సులు ఇరవై అయిదు కొట్టేవారు. చుక్కను పంపే పెట్టుకుని 2.5 అని చూపించేది. ఆ మందుకు అయిదు మిల్లీలీటర్లు దాటకూడదని హద్దు. కాబట్టి లోపల హద్దు యాభై అని రాసి ఉండేది. యాభై దాటి కొడితే తెర మీద ఎర్ర గడి వస్తుంది, అంకెను తీసుకోదు. నర్సులకు ఆ ఎర్ర గడే ధైర్యం. ఎరుపు రాలేదంటే అంతా సరిగా ఉన్నట్టే.

కొత్త ప్రోగ్రాంలో శ్రీలలిత చుక్క పెట్టింది. ఇకమీదట ఏ అంకె కావాలో అదే కొట్టండి, రెండున్నర కావాలంటే 2.5 అనే కొట్టండి, లోపల పదితో గుణించుకోవడం పంపు చూసుకుంటుంది అని. మంచి ఆలోచనే. కానీ హద్దు చూసే పని గుణించిన తర్వాత జరగాలి. ఆమె దాన్ని గుణించక ముందే ఉంచేసింది. యాభై యాభైగానే ఉండిపోయింది. అలవాటు కొద్దీ ఎవరైనా ఇరవై అయిదు కొడితే, యాభై కంటే తక్కువే కదా అని పంపు తలూపింది, గంటకు ఇరవై అయిదు మిల్లీలీటర్లు నెట్టింది.

ఆఫీసులో పరీక్షించకుండా పంపలేదు. 2.5 కొట్టారు, తీసుకుంది. అరవై కొట్టారు, ఎర్ర గడి వచ్చింది. అందరూ భేష్ అనుకుని టీలు తాగారు. చుక్క లేకుండా ఇరవై అయిదు కొట్టి చూడాలని ఎవరికీ తోచలేదు. వాళ్లలో ఎవరూ ఎప్పుడూ వార్డులో డ్యూటీ చేయలేదు మరి.

ఇక విచారణ రోజుకు వద్దాం.

నర్సింగ్‌హోమ్ కింద క్యాంటీన్‌లో నిఖత్ ఒక మూల బల్ల దగ్గర కూర్చుని ఉంది. యూనిఫాం లేకుండా ఆ భవనంలోకి రావడం ఆమెకు ఇదే మొదటిసారి. తెలిసిన ఆయాలు ఇద్దరు చూసి కూడా చూడనట్టు వెళ్లిపోయారు. శ్రీలలిత వచ్చి ఎదురుగా కూర్చుంది. ఇంతకుముందు ఒకసారి మౌలాలిలో వాళ్లింటికి వెళ్లి జరిగిందంతా చెప్పి వచ్చింది కాబట్టి ఇద్దరి మధ్యా కొత్త లేదు.

"టీ తాగావా నిఖత్?"

"తాగబుద్ధయితలేదు మేడమ్. పొద్దుగాల అమ్మీ రొట్టె వెట్టింది, అది సుత గొంతు దిగలే."

"అమ్మ ఎలా ఉన్నారు?"

"పేపర్ల నా పేరు వచ్చిన కాన్నుంచి వాకిట్లకు వస్తలేదు. నీళ్ల కోసం సుత నేనే పోతున్న. ఎవరన్న అడిగితే జ్వరమని చెప్తున్న." నిఖత్ దుపట్టా కొసను వేళ్లకు చుట్టుకుని విప్పుకుంది. "ఇయ్యాల ఏం చెప్పాల్నో వకీల్ సాబ్ చెప్పిండు. ఏం కొట్టినవని అడిగితే యాద్ లేదు అనాల్నంట. అంతకన్న ఒక్క మాట ఎక్కువ మాట్లాడొద్దంట."

"నీకు గుర్తుంది కదా."

"యాద్ లేకుంట ఎట్లుంటది మేడమ్? ఇరవై అయిదు కొట్టిన. ఎరుపు రాలే. ఓకే ఒత్తి పక్క బెడ్ కాడికి పోయిన. దినాం గంతే చేస్తుంటి. చుక్క వచ్చిందని చెప్పిన్రు, చెప్పలేదని అంట లేను. చెయ్యికి అలవాటు పోలే."

శ్రీలలిత బల్ల మీదికి వంగింది. ఆ క్షణంలో ఆమెకు ఉన్నంత నమ్మకం ప్రపంచంలో ఇంకెవరికీ లేదేమో.

"అయితే అదే చెప్పు. గుర్తులేదంటే ఏదో దాస్తున్నావనుకుంటారు. ఇరవై అయిదు కొట్టానని ధైర్యంగా చెప్పు. ఆ వెంటనే నేను లేచి, అందరి ముందూ అదే పంపులో అదే ఇరవై అయిదు కొడతాను. మారుమాట లేకుండా తీసుకుంటుంది. వాళ్ల కళ్లతో వాళ్లే చూస్తారు. ఇక నిన్ను అనడానికి ఏముంటుంది?"

"మరి మిమ్మల్ని అంటరు కద."

"అననీ. అనాల్సింది నన్నే."

"మీ నౌకరీ?"

"పోతే పోతుంది. ఒక మనిషి ప్రాణం పోయింది నిఖత్, నా నౌకరీ ఎంత?"

నిఖత్ లేచి వెళ్లి, తాగబుద్ధి కావట్లేదన్న టీనే రెండు కప్పులు తెచ్చింది. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల ముఖం కాస్త విప్పారింది. ఆ ముఖాన్ని శ్రీలలిత ఆ తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకుందో చెప్పలేం. వకీలు చెడ్డవాడు కాదు, తెలివితక్కువవాడూ కాదు. ఆయన చెప్పినట్టు ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ మంచివాళ్ల సలహాను ఎవరూ రెండోసారి తిప్పి చూడరు.

పై అంతస్తులో డాక్టర్లు కూర్చునే పెద్ద గదిలో విచారణ. నర్సింగ్‌హోమ్ నడిపే డాక్టర్ సత్యదేవ్ మధ్యలో కూర్చున్నాడు. ఇక్కడ ఏం తేలితే అదే పోలీసుల దగ్గరికి వెళ్తుంది, నర్సుల రిజిస్ట్రేషన్ చూసే కౌన్సిల్‌కూ వెళ్తుంది. నిఖత్ ఇంకెప్పుడైనా నర్సు యూనిఫాం వేసుకుంటుందా, జైలుకు వెళ్తుందా అన్నది ఆ గదిలోనే తేలాలి. సత్యదేవ్‌కు ఎడమ పక్కన నాంచారమ్మ కొడుకు దయాకర్. తల్లి పోయిన దగ్గర్నుంచి గడ్డం తీయలేదు. కుడి పక్కన రామ్మోహనరావు. తెల్ల చొక్కా, నుదుట సన్నటి బొట్టు. గుడివాడ నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో చిన్న షెడ్డులో పంపులు చేయడం మొదలుపెట్టి ఇంతవాడైన మనిషి. గదిలోకి రాగానే ముందు దయాకర్ దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాడు. అది నటన అని నేను అనను. మనుషులు అంత సులభంగా ఉంటే నవలలు రాయక్కర్లేదు.

"సిస్టర్ నిఖత్," అన్నాడు సత్యదేవ్, "ఆ రోజు పంపులో ఏ అంకె కొట్టారో చెప్పగలరా?"

నిఖత్ ఒక్కసారి శ్రీలలిత వైపు చూసింది. శ్రీలలిత తలూపింది.

"ఇరవై అయిదు కొట్టిన సార్."

గదిలో కదలిక. దయాకర్ కుర్చీలో ముందుకు జరిగాడు.

"డాక్టరు రాసింది రెండున్నర కదా."

"అవును సార్. పాత ప్రోగ్రాంల రెండున్నరకు ఇరవై అయిదే కొడుతుంటిమి. చుక్క దానంతట అదే వస్తుండె. కొత్తది వచ్చినంక సుత అలవాటుల అట్లనే కొట్టిన. నాది తప్పే. కాని ఎరుపు రాలే సార్. వచ్చుంటే చూసుకుంటుంటి."

"అంటే మీరు ఇరవై అయిదు కొట్టారని ఒప్పుకుంటున్నారు. రాసుకోమంటారా?"

"రాసుకోండ్రి సార్."

రాసుకున్నారు. నిఖత్ సంతకం కూడా చేసింది. అప్పుడు శ్రీలలిత లేచింది. పాతదెలా ఉండేదో, కొత్తదెలా మార్చిందో, హద్దు చూడాల్సిన చోట చూడకుండా ఒక మెట్టు ముందే ఎలా ఉంచేసిందో, పైన మనం చెప్పుకున్నంతా చెప్పింది. దయాకర్ ఆమెనే చూస్తూ విన్నాడు. ఆయన కళ్లల్లో కోపం మెల్లగా నిఖత్ మీద నుంచి తన మీదికి మళ్లడం శ్రీలలితకు తెలుస్తూనే ఉంది. అది ఆమెకు బాధగా అనిపించలేదు, బరువు దిగినట్టుంది.

"మాటలతో ఎందుకు సార్? ఆ పంపు తెప్పించండి."

బీరువాలో పెట్టి తాళం వేసిన పంపును తెచ్చి బల్ల మీద పెట్టారు. శ్రీలలిత సిరంజిలో మంచినీళ్లు నింపి బిగించింది. మందు పేరు ఎంచుకుంది. అందరికీ కనబడేలా తెరను తిప్పి, ఒక్కొక్క అంకెనూ పైకి చదువుతూ కొట్టింది.

"రెండు. అయిదు. చుక్క లేదు, చూడండి. ఇప్పుడు ఓకే."

తెర మీద ఎర్ర గడి వచ్చింది. 'ఈ మందుకు 5.0 దాటకూడదు.'

శ్రీలలిత చెరిపేసి మళ్లీ కొట్టింది. మళ్లీ ఎరుపు. పంపు ఆపి, మళ్లీ వేసి, మందు పేరు మళ్లీ ఎంచుకుని కొట్టింది. ఎరుపే. పంపు ప్రతిసారీ కూ కూ అంటూ హెచ్చరిస్తూనే ఉంది. ఎంత బాగా హెచ్చరించాలో అంత బాగానూ.

"మరి ఆ రోజు ఈ ఎరుపు మా అమ్మకు రాలేదా?" అని అడిగాడు దయాకర్. గొంతు పెంచలేదు.

సత్యదేవ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎర్ర గడి వచ్చినా దాటించే వీలు ఉంటుంది కదా రామ్మోహనరావుగారూ?"

"ఉంటుందండీ. అత్యవసరంలో కావాలని మీబోటి డాక్టర్లే అడిగి పెట్టించుకున్నారు. ఓకే బటన్‌ని వదలకుండా అదిమిపట్టాలి. పొరపాటున జరిగేది కాదు." రామ్మోహనరావు నిఖత్ వైపు చూడకుండానే అన్నాడు. "పాపం, ఏ హడావిడిలో ఉందో."

ఆ 'పాపం' అన్న మాటతో నిఖత్ పని అయిపోయింది. ఇప్పటిదాకా ఆమె పొరపాటు చేసిన నర్సు. ఇప్పుడు ఎర్ర గడిని కళ్లారా చూసి, అదిమిపట్టి దాటించిన నర్సు. పైగా ఇరవై అయిదు కొట్టానని సంతకం చేసిన నర్సు.

"నేను దాటియ్యలే సార్," అంది నిఖత్. "ఎరుపే రాలే. నేనెందుకు దాటిస్త?"

ఆ మాటనూ రాసుకున్నారు.

శ్రీలలితకు అప్పుడు విషయం అర్థమైంది. "సార్, ఇది ఆ రోజు ఉన్న ప్రోగ్రాం కాదు. నిన్న నేను సరిచేసిన ప్రోగ్రాం. దీన్ని ఈ పంపులో కూడా వేసేశారు."

"నిన్న కంపెనీ సర్వీస్ మనిషి వచ్చాడు," అన్నాడు సత్యదేవ్. "అన్ని పంపులూ చూడాలి, మిగతా పేషంట్లకు ప్రమాదం అంటే నేనే బీరువా తీయించాను. వద్దంటే రేపు మళ్లీ నన్నే అంటారు కదా. అందులో పాత వివరాలు ఏమైనా ఉంటాయా?"

ఉండవు. కొత్త ప్రోగ్రాం వేస్తే పంపులో అంతకుముందు నొక్కిన నొక్కుళ్లన్నీ చెరిగిపోతాయి. అలా చెరిగేలా రాసింది కూడా శ్రీలలితే. ఆమె ఆ మాట చెప్పింది. చెబుతుంటే దయాకర్ లేచి నిలబడ్డాడు.

"మీరిద్దరూ కలిసి ఏం ఆడుతున్నరో నాకు తెల్వదు మేడమ్. ఒకామె ఎరుపు రాలేదంటది. ఒకామె మిషన్‌ది తప్పంటది. మిషనేమో మంచిగనే ఉన్నది. మా అమ్మ నడుస్తదని తీస్కొచ్చిన నేను. నడిపిస్తమని చెప్పిన్రు మీరంత." ఆయన పంపు తెర మీద ఇంకా వెలుగుతున్న ఎరుపును చూసి ముఖం తిప్పుకుని బయటికి వెళ్లిపోయాడు.

విచారణ అక్కడితో ముగిసినట్టే. సత్యదేవ్ కాగితాలు సర్దుకున్నాడు.

వరండాలో రామ్మోహనరావు లిఫ్ట్ కోసం నిలబడి ఉండగా శ్రీలలిత వెళ్లి అడ్డం నిలబడింది.

"ఆ పంపుకు ఎందుకు వేయించారు సార్?"

"నువ్వే కదమ్మా చెప్పావు. నా బల్ల ముందు నిలబడి, ఏ ఒక్క పంపునీ వదలొద్దు సార్, రేపటికల్లా అన్నిటికీ పడాలి అన్నావు. నేను అక్షరం తప్పకుండా చేశాను."

"ఇది కేసులో ఉన్న పంపు సార్. దీన్ని ముట్టుకోకూడదు."

"ఆ మాట నువ్వు అనలేదు."

అది నిజం. ఆమె అనలేదు. ఇంకెవరి ప్రాణం మీదికీ రాకూడదన్న తొందరలో ఆమెకు ఆ ఒక్క పంపు గుర్తే రాలేదు. హద్దు ఎక్కడ చూడాలో మర్చిపోయిన మనిషే ఇదీ మర్చిపోయింది. ఆమె మర్చిపోయిందని ఆయన మాత్రం గమనించాడు.

"తప్పున్న పాత ప్రోగ్రాం నా దగ్గర ఉంది. అది వేసి చూపిస్తాను."

"చూపించు. కాదనను. కానీ పాతది రాసిందీ నువ్వే, కొత్తది రాసిందీ నువ్వే. ఆ అమ్మాయి మీద జాలితో నువ్వే కూర్చుని తప్పుతో ఒకటి తయారుచేశావంటారు. కాదని ఎలా నిరూపిస్తావు?"

"మీకు తెలుసు కదా సార్ నిజమేమిటో."

లిఫ్ట్ వచ్చింది. ఆయన ఎక్కలేదు.

"తెలుసు. తెలిసే చెబుతున్నాను. పంపులన్నీ బాగయ్యాయి. ఇక ఎవరికీ ఏమీ కాదు. నీకు కావలసింది అదేగా? నిజం బయటికొస్తే కంపెనీ ఉండదు. నా సంగతి వదిలెయ్, షెడ్డులో పంపులు బిగించే పిల్లలంతా రేపు రోడ్డు మీద ఉంటారు. ఆ అమ్మాయికి మంచి లాయర్ని నేనే పెడతాను. ఇంటికెళ్లి పడుకో తల్లీ. ముఖం చూడు ఎలా అయిపోయిందో."

తల్లీ అన్నాడు. ఆ పిలుపే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ అసహ్యమనిపించింది. ఆయన నిజంగానే అభిమానంతో అన్నాడు మరి, దానికేం చేయాలి? మింగలేక కక్కలేక నిలబడిపోయింది. ఆయన మళ్లీ బటన్ నొక్కి లిఫ్ట్ ఎక్కాడు, తలుపులు మూసుకున్నాయి.

వెనక్కి తిరిగితే గోడకు ఆనుకుని నిఖత్ ఉంది. అంతా విన్నట్టే ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"యాద్ లేదు అనమన్నడు మేడమ్ వకీల్ సాబ్," అంది. "మీరు చెప్పమన్నరు."

"నిఖత్..."

"మిమ్మల్ని తప్పు వడ్తలేను. మీరు మంచిగ కావాల్ననే చెప్పిన్రు. నాకు ఎర్కనే." ఆమె దుపట్టా తల మీదికి లాక్కుంది. "అమ్మీ ఫోన్ పట్టుకుని కూసొని ఉంటది. ఏమైందని అడుగుతది. ఏం చెప్పాలె మేడమ్? ఒక్క మాట చెప్పండ్రి, గదే చెప్త."

నిఖత్ కొంచెంసేపు ఆగి చూసి, లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. వరండా చివరినుంచి ఎవరో స్ట్రెచర్ తోసుకొస్తున్న చప్పుడు. శ్రీలలిత పక్కకు తప్పుకుని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది.

ఫోన్ మోగింది. పేతురు. ఊళ్లో కంపెనీ పంపులన్నిటికీ సరిచేసిన ప్రోగ్రాం వేసి వచ్చింది అతనే.

"మేడమ్, కోపం చేయకుండ్రి. ఆ పంపు కేసుల ఉన్నదని నాకు ఎర్కలే. సార్ అన్నీ అన్నడు, నేను అన్నీ వేసిన. ఇప్పుడే తెలిసింది నాకు."

"నిన్ను ఏమీ అనట్లేదు పేతురూ. అన్నీ అయిపోయాయా?"

"అయినట్టే మేడమ్. ఒక్కటే మిగిలింది. సీతాఫల్‌మండిల ఇంటికిచ్చినది. నిన్న పోతే తాళమేసి ఉండె, దవాఖానకు పోయిన్రని పక్కింటోళ్లు చెప్పిన్రు. ఇప్పుడు బండి మీద ఆడికే పోతున్న."

శ్రీలలిత కుర్చీలోంచి లేచింది. "దాంట్లో ఏ ప్రోగ్రాం ఉంది?"

"చుక్కది. నర్సింగ్‌హోమ్‌ల వేసిన వారమే దాంట్ల సుత వేసిన."

ఒక్కటి మిగిలింది. తప్పు తప్పుగానే ఉన్న పంపు, ఎవరి చెయ్యీ పడనిది, ఊరంతటికీ ఒక్కటి. దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి సత్యదేవ్ బల్ల మీద పెడితే చాలు. దయాకర్‌ను మళ్లీ పిలిపించొచ్చు. ఇది శ్రీలలిత తయారుచేసిందని ఎవరూ అనలేరు.

"పేతురూ, ఆగు. ఎక్కడున్నావో అక్కడే ఆగు. దానికి ప్రోగ్రాం వెయ్యొద్దు. నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దు."

"మరి సార్ అడిగితే?"

"నేను చెప్పానని చెప్పు."

ఫోన్ పెట్టేసి మెట్ల వైపు పరుగెత్తింది. కింద గేటు దాటిపోతున్న నిఖత్‌ను కేక వేద్దామని నోరు తెరిచింది కూడా. అప్పుడు తట్టింది, తను ఇప్పుడేమన్నదో. ఏ ఒక్క పంపునీ వదలొద్దని మొన్న బతిమాలిన నోటితోనే ఇవాళ ఒకదాన్ని వదిలెయ్యమని చెప్పింది. పంపు ఉందంటే దాని కొసన ఒక మనిషి ఉంటారు కదా. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. దాన్ని బాగుచేయిస్తే నిఖత్ మునుగుతుంది, అలాగే ఉంచితే...

మళ్లీ పేతురుకు చేసింది. "ఆ ఇంట్లో పేషంట్ ఎవరు? నంబరు ఇవ్వు."

తాజుద్దీన్ అనే ముసలాయన అని చెప్పాడు పేతురు. రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైనాడు. భార్యకు క్యాన్సర్, ఇక ఏ మందూ పనిచేయదని నొప్పికి మాత్రం పంపు పెట్టి ఇంటికి పంపించారు. ఇంట్లో ఇద్దరే. పంపు ఆయనే చూసుకుంటాడు, పెట్టిన రోజు పేతురే నేర్పించాడు, అప్పట్లో చుక్క లేదు. చుక్క ప్రోగ్రాం వేసిన రోజు ఆయన నమాజులో ఉన్నాడు. రేటు మార్చే పని ఎట్లాగూ లేదు కదా అని పేతురు తర్వాత చెబుదామనుకున్నాడు.

శ్రీలలిత నంబరు నొక్కింది. నేరేడ్‌మెట్ నుంచి సీతాఫల్‌మండికి మెట్టుగూడ ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో లెక్క వేసే స్థితిలో కూడా లేదు. అవతల చాలాసేపు మోగింది.

"హలో," అన్నాడు ముసలాయన, గుసగుసగా.

"తాజుద్దీన్ గారా? పంపు కంపెనీ నుంచి మాట్లాడుతున్నానండీ. మా మనిషి వచ్చేదాకా పంపు మీద ఏ అంకే మార్చకండి. అలాగే ఉండనివ్వండి. దయచేసి."

"మార్చిన కద బేటా. నిన్న దవాఖానల డాక్టర్ సాబ్ చెప్పిండు, రెండు సరిపోతలేదు, మూడు చేయుమని. రాత్రంత తక్లీఫ్ పడ్డది. ఇందాకనే చేసిన."

"ఏం కొట్టారు?"

"మీ పిలగాడు నేర్పిచ్చినట్టే. మూడుకు ముప్పై. పరేషాన్ కాకు, కండ్లద్దాలు పెట్టుకుని చూసుకుంటనే కొట్టిన. ఎరుపు రాలే."

"ఆపెయ్యండి. ఆమె చేతికున్న ట్యూబు తీసెయ్యండి. ఇప్పుడే. ఆమెను కదిపి చూడండి, పిలవండి."

"జెర మెల్లగ బేటా," అన్నాడు తాజుద్దీన్. ఆయన గొంతులో ఎన్నాళ్లకో వచ్చిన ఒక నెమ్మది. "ఎన్ని దినాలైందో ఆమె కంటి మీద కునుకు లేక. ఇప్పుడే మూలుగు ఆగింది. మంచిగ పండుకున్నది. లేపమంటవా?"